మిస్ పేరెందుకు మామా.. మళ్లా మారుతది గద!

2025 జనవరిలో ఒక ఆదివారం. ఇంటిల్లిపాదీ అనంతగిరికి పోయాం. వికారాబాద్ దాటి ఘాట్ రోడ్డెక్కితే చాలు, ఫోన్ పక్కన పడేయాలనిపిస్తుంది. అనంత పద్మనాభస్వామి దర్శనం అయిపోయింది. మెట్ల మీద కూర్చుని, అక్క కట్టుకొచ్చిన పులిహోర తింటున్నాం.

మా అక్క బిడ్డకు తొమ్మిదేళ్లు. తాండూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో నాలుగో తరగతి. మాటల్లో మాటగా అడిగా.

"మీ లెక్కల మిస్ పేరేందిరా బుజ్జీ?"

"కొత్త మిస్."

"కొత్త మిస్సే.. పేరేంది?"

"పేరెందుకు మామా? మళ్లా మారుతది గద!"

అందరం నవ్వాం. బావ అయితే పులిహోర పొలమారేదాకా నవ్విండు. నేను కూడా నవ్వాను. సాయంత్రం తాండూరు స్టేషన్‌లో హైదరాబాద్ రైలెక్కి, కిటికీ పక్కన సీటు దొరికాక ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల తన టీచర్ పేరు నేర్చుకోవడం దండగ అనుకుంటోంది. అట్లా అనుకోవడం దానికి ఎవరు నేర్పారు?

ఒక్క ఏడాది.. ముగ్గురు మిస్సులు

ఇంటికి చేరాక అక్కకు ఫోన్ చేసి లెక్క రాసుకున్నా. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒక మిస్ ఉండేది. దసరా సెలవులకు ముందే ఆమెకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఏడాది డీఎస్సీ గుర్తుంది కదా? 11,062 పోస్టులు. జులై, ఆగస్టుల్లో పరీక్షలు, అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు. రాష్ట్రమంతా పండగలా జరిగింది. నా ఫ్రెండ్స్ ఇద్దరు స్టేటస్‌లు పెట్టారు, నేను హార్ట్ కొట్టాను. సరిగ్గా అదే టైమ్‌లో ఎన్ని ప్రైవేట్ స్కూళ్లలో, ఎన్ని నాలుగో తరగతుల్లో కుర్చీ ఖాళీ అయ్యుంటుందో అప్పుడు నాకు తట్టలేదు.

రెండో మిస్ నవంబర్‌లో వచ్చింది. సంక్రాంతి సెలవుల తర్వాత రాలేదు. ఇంకో స్కూల్లో మూడు వేలు ఎక్కువ ఇస్తున్నారట. పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం ఒకటే మెసేజ్: 'కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల..' కింద పది మంది దండాల ఎమోజీలు. అంతే.

ఇప్పుడున్నది మూడో మిస్. పేరు బుజ్జికి తెలియని మిస్.

"పోనీలేరా, ఎవరొచ్చినా అదే పుస్తకం చెప్తరు గద" అంది అక్క. నేను కూడా అంతే అనుకునేవాణ్ని, తర్వాతి ఆదివారం బుజ్జి లెక్కల నోట్‌బుక్ చూసేదాకా.

502 లోంచి 178 తీసేయాలి. బుజ్జి జవాబు 476.

మీరూ ఒకసారి చూడండి. ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి తిప్పేసి ఏడు. రెండులోంచి ఎనిమిది పోదు, అదీ తిప్పేసి ఆరు. పిల్లకు తీసివేత వచ్చు. పక్క అంకె దగ్గర అప్పు తీసుకోవడం రాదు. అసలు జవాబు 324.

ఆశ్చర్యం ఏంటంటే, మొదటి మిస్ ఈ సంగతి సెప్టెంబర్‌లోనే పట్టేసింది. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, కట్ట విప్పి అప్పు తీసుకోవడం చూపించేదట. "మిస్ పుల్లలాట ఆడిపిస్తుండె మామా" అని బుజ్జే చెప్పింది. ఆ ఆట సగంలో ఉండగా మిస్ వెళ్లిపోయింది. రెండో మిస్ వచ్చేసరికి సిలబస్ కాగితం మీద తీసివేతల ముందు టిక్ ఉంది. ఆమె గుణకారాలు మొదలుపెట్టింది. మూడో మిస్ భాగహారాల్లో ఉంది. భాగహారంలో ప్రతి మెట్టుకూ తీసివేత కావాలి. బుజ్జికి ప్రతి లెక్కా తప్పుతోంది. ఇంట్లో 'ఈ పిల్లకు లెక్కలు రావు' అనే మాట అప్పుడే మొదలైంది.

లెక్కలు రాకపోవడం కాదు అది. ముగ్గురు మనుషుల మధ్య ఒక చిన్న సంగతి జారిపడిపోయింది, అంతే.

నా ఎనిమిదో తరగతి

ఇది నాకెందుకు ఇంత గుచ్చుకుందో చెప్తా. నేనూ తాండూరు పిల్లాణ్నే. నాపరాయి పాలిషింగ్ మిషన్ల మోత వింటూ, యూనిట్ల ముందు పరుచుకున్న తెల్లటి రాతి బురద దాటుకుంటూ బడికి పోయినవాణ్ని. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కలకు ముగ్గురు సార్లు మారారు.

మొదటి సార్ మంచోడు. నేను చెయ్యి ఎత్తను. తెలిసినా ఎత్తను. ఆ సార్ అది కనిపెట్టిండు. రోజుకోసారి "ఏందిరా, నువ్వు చెప్పు" అని నా దిక్కు చూసేవాడు. అడిగితే చెప్పేవాణ్ని. దసరాకు ఆ సార్ పోయిండు. తర్వాత వచ్చిన సార్‌కు జామెట్రీ ఇష్టం, అక్కడి నుంచి మొదలుపెట్టిండు. మూడో సార్ వచ్చేసరికి ఏడాది చివరికొచ్చింది. ఫ్యాక్టరైజేషన్ ఎవరో చెప్పే ఉంటారని ఆయన అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. నేను చెయ్యి ఎత్తలేదు, ఎవరూ నా దిక్కు చూడలేదు.

ఇంటర్ ఫస్టియర్‌లో కూర్చున్నాక తెలిసింది, అందరూ రెండు లైన్లలో చేసే లెక్క నాకు అసలు ఎక్కడ మొదలవుతుందో తెలియదని. యూట్యూబ్ ఇంత లేని రోజులు. ఒక సీనియర్ అన్న దగ్గర కూర్చుని ఎనిమిదో తరగతి పుస్తకం తిరిగి చదివా. ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది. నాకు ఆ అన్న దొరికిండు. దొరకనివాళ్లు మా క్లాసులో చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ "మనకు లెక్కలు ఎక్కవురా" అనే అంటారు.

కేటీ లేని రాజీనామా

నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో మనుషులు మారడం కొత్త కాదు. 2022 జూన్ క్వార్టర్‌లో ఒక్క ఇన్ఫోసిస్‌లోనే ఏడాది అట్రిషన్ 28.4 శాతం. అంటే వంద మంది ఉంటే ఏడాదిలో ఇంచుమించు 28 మంది తమంతట తాము వెళ్లిపోయినట్టు. ఆ నంబర్‌ను కంపెనీయే బయటపెట్టింది, పేపర్లలో వచ్చింది, షేర్లు కొనేవాళ్లు చదివారు.

అంత మంది పోయినా పని ఎట్లా నడుస్తుంది? పోయేవాడు ఊరికే పోడు కాబట్టి. నోటీస్ పీరియడ్ ఉంటుంది. చివరి రెండు వారాలు 'కేటీ', అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ఈ కోడ్ ఎందుకిట్లా రాశాం, ఏది ముట్టుకుంటే ఏది కూలుతుంది, ఏ కస్టమర్‌కు ఏది నచ్చదు.. అన్నీ కొత్తవాడికి ఒప్పజెప్పాలి. నా మొదటి ఉద్యోగం మానేసినప్పుడు ఒక లాగిన్ పేజీ కోసం నాలుగు రోజులు కేటీ ఇచ్చా.

లాగిన్ పేజీకి నాలుగు రోజులు. ముప్పై ఐదు మంది పిల్లలకు? ఒక్క పూట కూడా లేదు.

పుస్తకం ఎక్కడికీ పోదు, అక్క చెప్పింది నిజమే. ఎవరికి పుల్లలాట సగంలో ఉంది, ఎవడు చెయ్యి ఎత్తడు, ఎవరికి బోర్డు కనబడదు, ఎవరింట్లో గొడవలున్నాయి.. ఇవన్నీ టీచర్ మనసులో ఉంటాయి. టీచర్ గేటు దాటిన రోజు ఇవి కూడా గేటు దాటుతాయి.

"నేనుంటే నా పిల్లలకు నష్టం"

నా మొదటి సార్ ఇప్పుడెక్కడున్నాడో కనుక్కున్నా. తాండూరులోనే ఒక పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తున్నాడు. టీచర్ ఉద్యోగం 2020లో పోయింది. కరోనాకు బళ్లు మూతపడ్డప్పుడు మొదట సగం జీతం, తర్వాత అదీ లేదు. ఆ రోజుల్లో ప్రైవేట్ టీచర్లు కూరగాయలు అమ్మిన వార్తలు, ఉపాధి హామీ పనులకు పోయిన వార్తలు మనం చదివినవే. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. సార్ కూడా తీసుకున్నాడు. "బియ్యం మంచిగనే ఉండె" అని నవ్విండు.

నేను అడగాలా వద్దా అనుకుంటూనే అడిగా. "సార్, మీరు దసరాకు పోయిన్రు గద, మా ఎనిమిదో తరగతిల.. ఎందుకు సార్?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టిండు.

"పది నెలల జీతం ఇస్తుండె బిడ్డా. ఎండాకాలం రెండు నెలలు లేదు. ఇంకో స్కూలోళ్లు పన్నెండు నెలలు ఇస్తమన్నరు. నేను పోతే మీకు నష్టమని నాకు తెల్వదా? నేనుంటే నా పిల్లలకు నష్టం. ఇగ ఏం చెయ్యాలె?"

నా దగ్గర జవాబు లేదు. రెండు వేలు ఎక్కువిస్తే కంపెనీ మారే మనమే, టీచర్ మారితే 'ఈ టీచర్లకు నిలకడ లేదు' అనేస్తాం. టీచర్‌ను తిట్టడం తేలిక. ఆ కుర్చీని అట్లా తయారుచేసింది ఎవరన్నది అడగడం కష్టం.

నిబంధనలు లేక కాదు. ప్రైవేట్ స్కూళ్ల కోసం 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ప్రకారం ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకే పోవాలి. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులుంటే పీఎఫ్ కట్టాలి. ప్రైవేట్ స్కూల్ టీచర్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా ఐదేళ్లు ఒకే చోట పనిచేయాలి. ఐదేళ్లు నిలబడేలా జీతం ఉంటే కదా?

బుజ్జి క్లాసు లెక్కే వేసి చూశా. 35 మంది, తలా 22 వేల ఫీజు. మొత్తం 7 లక్షల 70 వేలు. అందులో సగం 3 లక్షల 85 వేలు. పన్నెండు నెలలకు పంచితే నెలకు 32 వేలు. అందులోంచే ప్రిన్సిపాల్, పీఈటీ, ఆయమ్మ, వాచ్‌మన్ అందరికీ వాటా పోవాలి. ఫీజు కట్టనివాళ్లూ ఉంటారు. ఈ లెక్కతో యాజమాన్యం దొంగ అని నేను అనను. చిన్న స్కూల్ నడపడం కష్టమే. అయితే మా రెండో మిస్ వదిలేసి పోయింది మూడు వేల కోసం. పిల్లకు నూరు రూపాయలు కూడా కాదు.

అమెరికాలోనూ ఇదే పంచాయితీ

ఇది మన తాండూరు గోసే అనుకోకండి. అమెరికాలో చార్టర్ స్కూళ్లని ఉంటాయి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే సంస్థలు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం దీనికి మొదటి చట్టం చేసింది. మామూలు సర్కారు బళ్ల కంటే చార్టర్ స్కూళ్లలో టీచర్లు ఎక్కువగా మారుతుంటారని అక్కడ చాలా ఏళ్లుగా చర్చ నడుస్తోంది.

న్యూయార్క్ సర్కారు బళ్ల మీద రాన్‌ఫెల్ట్, లోబ్, వైకాఫ్ అనే ముగ్గురు పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లల ఎనిమిదేళ్ల డేటా చూశారు. టీచర్లు ఎక్కువగా మారిన చోట ఇంగ్లిష్‌లో, లెక్కల్లో మార్కులు తగ్గాయి. వెనకబడ్డ పిల్లలు ఎక్కువున్న బళ్లలో దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. నన్ను ఆపేసింది మాత్రం ఇంకో సంగతి. టీచర్ మారని పిల్లలకు కూడా నష్టం జరిగింది. పక్క సెక్షన్ టీచర్ పోతే, ఉన్న టీచర్ మీద బరువు పడుతుంది. కొత్తవాళ్లకు దారి చూపించే పాతవాళ్లు తగ్గిపోతారు. అంటే 'మా పిల్ల టీచర్ బాగానే ఉంది కదా' అని ఊరుకుంటే కుదరదన్నమాట.

మరి సర్కారు బడి?

ఈ ప్రశ్న అక్కే వేసింది. "మొదటి మిస్ ఇప్పుడు సర్కారు బడిల చెప్తుంది గద. ఆమె ఏం మారలే, ఆమె పుల్లలు ఏం మారలే. మరి మన పిల్లనే అక్కడ ఎందుకు వెయ్యొద్దు?"

బావ ఒప్పుకోలేదు. ఇంగ్లిష్ మీడియం అన్నాడు. ఇప్పుడు సర్కారు బళ్లలోనూ ఉంది అన్నాను. బస్సు అన్నాడు. నలుగురు ఏమంటారు అన్నాడు. చివరిదే అసలు కారణం అని ముగ్గురికీ తెలుసు.

సర్కారు టీచర్ మూడు వేల కోసం మధ్యలో వెళ్లిపోడు. బదిలీలు ఉంటాయి, డిప్యుటేషన్లు ఉంటాయి, కొన్ని చోట్ల ఐదు తరగతులకు ఇద్దరే ఉంటారు. అదీ నిజమే. ఎవరింటి లెక్క వాళ్లది. నేను చెప్పేదల్లా, స్కూల్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క విషయం కూడా తక్కెట్లో పెట్టండి. మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు. బస్సు చూశాం, డిజిటల్ బోర్డు చూశాం, టై రంగు కూడా చూశాం. టీచర్ ఎన్నేళ్ల నుంచి ఉందో అడగలేదు.

అడ్మిషన్ రోజు అడగాల్సినవి

మీ ఇంట్లో చెల్లో, అక్క పిల్లలో, అన్న కొడుకో ఉంటే, ఫీజు కట్టే ముందు ఇవి అడగండి. ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గే అమ్మానాన్నల పక్కన మీరు నిలబడండి.

ఒకటి: ఈ క్లాసుకు చెప్పే టీచర్లు ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నారు? పోయిన ఏడాది మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు? యూడైస్ ప్లస్ సైట్‌లో 'నో యువర్ స్కూల్' అని ఉంటుంది, ఫోన్‌లోనే చూడొచ్చు. అక్కడ ఎంతమంది టీచర్లో తెలుస్తుంది. పోయినేటి వాళ్లే ఉన్నారా అన్నది మాత్రం మీరు నోరు తెరిచి అడగాల్సిందే.

రెండు: జీతం పది నెలలకా, పన్నెండు నెలలకా? పీఎఫ్ కడుతున్నారా? ఇది మన పని కాదనిపిస్తుంది. మన పనే. మా సార్ పోయింది ఈ రెండు నెలల కోసమే.

మూడు: టీచర్ మధ్యలో పోతే కొత్తవాళ్లకు ఏం ఒప్పజెప్తారు? సిలబస్ టిక్కులా, పిల్లల సంగతులా?

నాలుగు: కొత్త టీచర్ వచ్చేదాకా క్లాసు ఎవరు తీసుకుంటారు? 'ఎవరో ఒకరు' అనే జవాబు వస్తే, అదే మీ జవాబు.

అక్క రాసిన కేటీ

ఫిబ్రవరిలో పేరెంట్స్ మీటింగ్‌కు అక్కతో నేనూ పోయా. కరస్పాండెంట్ సార్‌ను ఈ ప్రశ్నలే అడిగాం. ఆయన కోపగించుకోలేదు. అలసిపోయినట్టు నవ్విండు. "మేం తయారుచేస్తం, ఎవరో తీసుకపోతరు. ఫీజు ఐదు వందలు పెంచితే మీరే గేటు ముందట కూర్చుంటరు" అన్నాడు. అందులోనూ నిజం ఉంది. ఎండాకాలం జీతం సంగతి చూస్తామన్నాడు. చూస్తారో లేదో నాకు తెలియదు.

అయితే అక్క ముందు రోజు రాత్రే ఒక పని చేసింది. నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి, తెలుగులో ఒక పేజీ రాసింది. 'మా పాపకు ఎక్కాలు పదమూడు దాకా వచ్చు. అప్పు తీసుకునే తీసివేత రాదు. పాత మేడమ్ పుల్లల కట్టలతో చెప్పేది, అట్ల చెప్తే తొందరగా పట్టుకుంటది. గట్టిగా అంటే బిగుసుకపోతది. వెనుక బెంచీలో కూర్చుంటే బోర్డు సరిగ్గా కనిపిస్తలేదంటది, కండ్ల డాక్టర్‌కు చూపిస్తున్నం.' అక్క పదో తరగతితో ఆగిపోయిన మనిషి. నేను కెరీర్‌లో చదివిన కేటీ డాక్యుమెంట్లలో దానంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

మూడో మిస్ ఆ కాగితం నిలబడే చదివింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. బీఈడీ చేస్తూనే చెప్తోందట. "ఇవి నాకు ఎవరూ చెప్పలేదక్కా" అని మడిచి అటెండెన్స్ రిజిస్టర్‌లో పెట్టుకుంది. తర్వాతి వారం గ్రూప్‌లో మరో ఆరుగురు అమ్మలు తమ పిల్లల గురించి రాసిచ్చారు.

ఆ మిస్ కూడా ఏదో ఒక రోజు పోవచ్చు. బీఈడీ అయ్యాక డీఎస్సీ రాస్తుంది, రాయాలి కూడా. పోయే ముందు ఆ కాగితాలు తర్వాతి మనిషి చేతిలో పెడతానని అక్కకు మాటిచ్చింది.

మార్చిలో ఒక రాత్రి బుజ్జి ఫోన్ చేసింది. 502 లోంచి 178 తీసేస్తే 324 అని గడగడా చెప్పేసి, "మిస్ వెరీ గుడ్ వేసింది మామా" అంది.

"ఏ మిస్?"

ఈసారి పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.